ఒళ్లే పుస్తకం – 4వ పాఠం: కీలును కదలికతో పట్టుకోవడం

పోయిన పాఠంలో 206 ఎముకలతో కుస్తీ పట్టాం. ఈసారి అవి కలిసే చోట్లు. పేర్లు బట్టీ పట్టొద్దు. ఒక ఎముకను గట్టిగా పట్టుకుని పక్కదాన్ని కదిలించండి, ఎటు కదులుతుందో చూడండి. పేరు ఆ తర్వాత.

కదలనివి ముందు ముగిద్దాం. పుర్రె ఎముకలు రంపపు పళ్లలా ఒకదానిలో ఒకటి దిగి ఉంటాయి. తలలో ఆడేది కింది దవడే. చెవి ముందు వేలు పెట్టి నోరు తెరవండి, తెలుస్తుంది.

మోచెయ్యి తలుపు బందు లాంటిది, ఒకే దారిలో మడుస్తుంది. అందుకే మడతబందు కీలు. భుజం, తుంటి బంతిగిన్నె కీళ్లు. తుంటి గిన్నె లోతు, భుజం గిన్నె సాసరంత. భుజం అన్ని వైపులా తిరిగేదీ అందుకే, తేలిగ్గా జారిపోయేదీ అందుకే.

ఇక అసలు పరీక్ష. మోచెయ్యి టేబుల్ మీద ఆనించి ముంజేతిని నిలబెట్టండి. అరచేతిని మీ వైపు, తర్వాత బయటికి తిప్పండి. తిరిగింది ఏది? మణికట్టు అంటారు దాదాపు అందరూ. చదువుకునే రోజుల్లో నేనూ అదే రాసి మార్కులు పోగొట్టుకున్నా.

ఇప్పుడు రెండో చేత్తో ముంజేతిని మధ్యలో పట్టుకుని మళ్లీ తిప్పండి. వేళ్ల కింద ఎముక దొర్లుతుంది. అది ముంజేతి రెండు ఎముకల్లో ఒకటైన రేడియస్, పక్కనున్న రెండో ఎముక అల్నా మీదుగా అడ్డం పడుతోంది. మోచేతి బయటివైపు బొడిపె కింద చిన్న గుంట ఉంటుంది. అక్కడ బొటనవేలు నొక్కి ఇంకోసారి తిప్పితే రేడియస్ గుండ్రటి తల గిర్రున తిరగడం తగులుతుంది. అది బొంగరపు కీలు. అంటే మోచేతి దగ్గర ఒకటి కాదు, రెండు రకాల కీళ్లున్నాయి. తాళంచెవి తిప్పేటప్పుడు పనిచేసేది ఈ రెండోదే.

ఇలా బాగా కదిలే కీలు లోపల ఎముకల కొసలకు నున్నటి మృదులాస్థి, చుట్టూ సంచిలాంటి పొర, అందులో గుడ్డు తెల్లసొన లాంటి సైనోవియల్ ద్రవం ఉంటాయి. అంత పెద్ద మోకాలిలోనూ ఆ ద్రవం మామూలుగా టీ చెంచాడు కూడా ఉండదు. బయట ఎముకను ఎముకకు కట్టే లిగమెంట్లు.

ఈ లిగమెంట్ల విలువ మా నల్లగొండ వాళ్లకు వేరే చెప్పాలా? మర్రిగూడ, మునుగోడు వైపు ఏళ్ల తరబడి ఫ్లోరైడ్ నీళ్లు తాగిన పెద్దవాళ్లను చూసే ఉంటారు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన నీళ్లు తాగొద్దంటారు. ఎక్కువైన ఫ్లోరైడ్ ఎముకల్లో చేరుతుంది. ముదిరితే లిగమెంట్లలో సున్నం పేరుకుని గట్టిపడతాయి. కీలు ఉంటుంది, కదలదు. పక్కకు చూడాలంటే మనిషి మొత్తం తిరగాలి. మోకాళ్లు మడవకుండా నేలను తాకడం, గడ్డాన్ని ఛాతీకి ఆనించడం, చేతులు తల వెనక్కి పెట్టడం: ఊళ్లలో తొలి అంచనాకు చేయించేవి ఈ మూడే. చేయలేకపోతే అది ఫ్లోరోసిస్సే అనుకోవద్దు, డాక్టరుకు చూపించాలి.

ఇంటిపని: "ఊఁ" అన్నట్టు తల పైకీ కిందికీ, "ఊహూఁ" అన్నట్టు అడ్డంగా ఊపండి. రెండూ ఒకే కీలు దగ్గర జరుగుతున్నాయా? ఇంట్లో పాత ఇసుర్రాయి ఉంటే మధ్యలో ఉన్న మేకును ఓసారి చూసి పెట్టుకోండి. వచ్చే పాఠం అక్కడి నుంచే.