సర్టిఫికెట్ ఉన్నా కరెంటు బిల్లు తగ్గలేదా? గ్రీన్ బిల్డింగ్‌లో లోపం ఎక్కడ వెతకాలి

కరెంటు తక్కువ వాడేలా కట్టారని గ్రీన్ బిల్డింగ్ సర్టిఫికెట్ వచ్చిన భవనంలోనూ బిల్లు ఎక్కువే రావచ్చు. ఆ బిల్లు చూడగానే అందరూ ఏసీ ప్లాంటునో, అద్దాలనో అనుమానిస్తారు. అవీ చూడాల్సిందే. కానీ చాలాసార్లు లోపం మెషీన్‌లో ఉండదు. పని ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి మారిన చోట ఉంటుంది.

లక్షణం: బిల్లు డిజైన్ అంచనా కన్నా బాగా ఎక్కువ

ముందు అంచనాలో ఏమేం కలిపారో చూడండి. లిఫ్టులు, సర్వర్లు, ఆఫీసు టైమ్ దాటాక జరిగే పని ఆ లెక్కలో చాలాసార్లు పూర్తిగా ఉండవు. అలాంటి లెక్క పట్టుకుని ఎవరినీ తప్పుపట్టకూడదు.

అవన్నీ కలిపినా తేడా ఉంటే మీటరు రాత్రి రీడింగ్ తీయండి. మనుషులే లేని అర్ధరాత్రి కూడా వాడకం పగటిలో సగం దాకా ఉందంటే, ఏసీ, ఫ్యాన్లు, పంపులు ఆగాల్సిన టైమ్‌కి ఆగడం లేదేమో చూడాలి.

కారణం తరచుగా కమిషనింగ్ దగ్గర దొరుకుతుంది. అంటే అన్ని సిస్టమ్‌లూ కలిసి సరిగ్గా నడుస్తున్నాయో లేదో పరీక్షించి సెట్ చేసే పని. షెడ్యూల్‌లో ఇది చివరిది కాబట్టి, పునాది దగ్గర పోయిన రోజులూ గోడల దగ్గర పోయిన రోజులూ దీని టైమ్‌లోంచే కోస్తారు. పైగా మెషీన్ బిగించిన సబ్‌కాంట్రాక్టరే "అంతా బాగుంది" అని సంతకం పెడతాడు.

పరిష్కారం: కమిషనింగ్ చేసే మనిషిని డిజైన్ దశలోనే, నేరుగా యజమానికి జవాబు చెప్పేలా పెట్టుకోండి. కొంత పేమెంటు ఆపి ఉంచి, ఎండాకాలంలో ఒకసారి, చలికాలంలో ఒకసారి పరీక్ష పాసయ్యాకే ఇవ్వండి. బ్రిటన్‌లో 2009లో వచ్చిన సాఫ్ట్ ల్యాండింగ్స్ పద్ధతి ఇంకా ముందుకు వెళ్లింది. భవనం అప్పగించాక మూడేళ్ల పాటు డిజైన్, నిర్మాణ బృందాలు వెనక్కి వచ్చి చూడాలంటుంది. ఈ పద్ధతిని నేను గట్టిగా సమర్థిస్తాను.

లక్షణం: డ్రాయింగ్‌లో ఉన్నది భవనంలో లేదు

ఎండ ఆపే షేడ్లు తీసేశారు, అద్దాల రకం మారింది. ఖర్చు తగ్గించే మీటింగ్‌లో కొనుగోలు విభాగం తన బడ్జెట్ మాత్రమే చూసుకుంది. అక్కడ మిగిలిన డబ్బు తర్వాత ఏసీ బిల్లు రూపంలో ఏళ్ల తరబడి పోతుంది. ఏ వస్తువు మార్చాలన్నా ఎనర్జీ కన్సల్టెంట్ సంతకం తప్పనిసరి అని కాంట్రాక్టులోనే రాయండి.

లక్షణం: కిటికీల పక్కన కూర్చున్నవాళ్లకు వేడి, లేదా చలి

గోడ కట్టినవాళ్లు గోడ పూర్తిచేశారు, కిటికీ బిగించినవాళ్లు కిటికీ. మధ్యలో మిగిలిన సందు ఎవరి పనీ కాదు. గాలి అక్కడి నుంచే కారుతుంది. సందులు మూసే బాధ్యత ఒక్క మనిషికి, పేరు రాసి అప్పగించండి. పైపూత పడకముందే ఫ్యాన్‌తో గాలి లీకేజీ పరీక్ష చేయించండి. చాలా తక్కువ ఎనర్జీతో నడిచే భవనాల కోసం పెట్టిన పాసివ్ హౌస్ ప్రమాణంలో, 50 పాస్కల్స్ ఒత్తిడి దగ్గర లోపలి గాలి మొత్తం గంటకు 0.6 సార్లకు మించి మారకూడదు. మీ భవనానికి అంత కఠినమైన అంకె అక్కర్లేకపోవచ్చు, కానీ ఏదో ఒక అంకె మాత్రం ముందే రాసి ఉండాలి.

లక్షణం: ఆటోమేటిక్ సిస్టమ్ మాన్యువల్‌లో నడుస్తోంది

దీనికి మెయింటెనెన్స్ వాళ్లను తిట్టకండి. హ్యాండోవర్ రోజు గంటసేపు ట్రైనింగ్, ఒక లావుపాటి ఫైలు ఇచ్చి వెళ్లిపోయారు. ఆ తర్వాత రోజూ ఫిర్యాదుల టెన్షన్ వాళ్లదే. సెన్సర్ తప్పు చూపిస్తే మాన్యువల్‌లో పెట్టడం తప్ప వాళ్లకు వేరే దారి ఎవరూ చూపలేదు. భవనం నడపబోయే వాళ్లను డిజైన్ మీటింగ్‌లకు పిలవండి, "ఇది మాకు నడపడం కష్టం" అంటే వినండి. మొదటి ఏడాది నెలకోసారి, మాన్యువల్‌లో ఉన్నవన్నీ ఎందుకలా ఉన్నాయో వాళ్లతో కూర్చుని చూడండి.

లక్షణం: లోపం తెలిసినా ఎవరూ బాగుచేయరు

బాగుచేసే ఖర్చు యజమానిది, తగ్గే బిల్లు అద్దెదారుది. అందుకే పని కదలదు. ఖర్చునూ ఆదానూ ఇద్దరూ ఎలా పంచుకోవాలో అద్దె ఒప్పందంలో రాసుకోవాలి, అంతస్తుకో సబ్‌మీటర్ పెట్టాలి. ఆస్ట్రేలియాలో భవనాల ఎనర్జీ వాడకానికి ఇచ్చే నేబర్స్ (NABERS) రేటింగ్ 12 నెలల అసలు వాడకం చూసి ఇస్తారు, ఏడాదికోసారి కొత్తగా తీసుకోవాలి. మీ ఒప్పందంలోనూ అలాగే 12 నెలల మీటరు లెక్కనే కొలతగా పెట్టుకోండి.