చెక్కడాన్ని చదవడం – 4వ పాఠం: బూకా నాట్యపు తెడ్డు

ఎత్తుడు చెక్కడంలో (నేపథ్యాన్ని తవ్వి బొమ్మను పైకి కనిపించేలా చేసే పద్ధతిలో) ఆ నేపథ్యాన్ని ఎంత లోతు తీశారో వెలుగునీడలను బట్టి గుర్తించడం గత పాఠంలో నేర్చుకున్నాం. ఈసారి ఒక పూర్తి వస్తువును చదువుదాం. పాపువా న్యూగినీ తూర్పు కొసన ఉన్న బూకా, బోగన్‌విల్ దీవుల్లో నాట్యమాడేటప్పుడు చేతబట్టే చెక్క తెడ్డు అది. మ్యూజియం వెబ్‌సైట్లలో వెతికి, రెండు ముఖాలూ కనిపించే ఫొటోలు ఎంచుకోండి.

ముందు బొమ్మ జోలికి వెళ్లకండి. కాడ ఎంత పొడవో, తెడ్డు వెడల్పు భాగమైన ఆకు ఎంత పలుచనో గీసుకోండి. ఆకు మధ్యగా నిలువు గీత గీశాక మనిషి రూపానికి రండి. మోకాళ్లు ముడుచుకుని, మోచేతులు వంచి చేతులెత్తిన ఈ రూపాన్ని కొకోర్రా అంటారు. చెక్కడం లోతు చాలా తక్కువ. రూపాన్ని పైకి తెచ్చేది నలుపు, ఎరుపు, తెలుపు రంగుల పొందికే. కాబట్టి నీడలు వేయకుండా రంగుల హద్దులే గీయండి.

తల దగ్గర మాత్రం తొందరపడకండి. పొడుగ్గా పైకి లేచిన ఆ ఆకారాన్ని ఉపే అనే టోపీతో పోలుస్తారు. ఉత్తర బోగన్‌విల్‌లో యుక్తవయస్సులోకి అడుగుపెట్టే దీక్షలో ఉన్న మగపిల్లలు ఆకులతో కుట్టిన ఈ టోపీని ధరించి, ఊరికి దూరంగా ఉంటూ, అది నిండేదాకా జుట్టు పెంచేవారు. స్త్రీల కంట ఆ జుట్టు పడకూడదు. చివరికి వేడుకగా కత్తిరించేవారు. 1929–30లో అక్కడ ఉన్న మానవశాస్త్రవేత్త బీట్రిస్ బ్లాక్‌వుడ్ ఈ దీక్షను వివరంగా నమోదు చేశారు. బోగన్‌విల్ జెండా నడుమ ఉన్నదీ ఉపేనే. దీక్షలో పిల్లలకు చెప్పే రహస్యాలు వాళ్ల సొత్తు. వాటిని ఊహించి బొమ్మకు అర్థాలు అంటగట్టడం నాకు సమ్మతం కాదు. చెక్క మీద కనిపించేదే చదువుదాం.

ఇక అసలు సంగతి. ఇది గోడకు తగిలించడానికి చేసింది కాదు. నాట్యంలో చేయి కదిలితే బొమ్మా కదులుతుంది. రెండు వైపులా చెక్కిన తెడ్డును తిప్పితే ఒక ముఖం వెంట మరొకటి కళ్లెదుటికి వస్తుంది. మ్యూజియం ఫొటోలో పోయేది ఈ కదలికే.

అభ్యాసం: దళసరి అట్టను తెడ్డు ఆకారంలో కత్తిరించి, రెండు వైపులా మూడు రంగుల్లో మీ బొమ్మ వేయండి. మరొకరిని పది అడుగుల దూరంలో పట్టుకుని తిప్పమనండి. తిరిగేటప్పుడు కలిసిపోయిన గీతలను గుర్తుంచుకుని, వాటిని మందం చేసి మళ్లీ గీయండి. రెండు చిత్రాలనూ దాచుకోండి. వచ్చే పాఠంలో పాపువా న్యూగినీలోనే ఉన్న న్యూ ఐర్లండ్ దీవిలో చనిపోయినవారి స్మారక వేడుకల కోసం చెక్కే మలంగాన్ శిల్పాల పక్కన వాటిని పెట్టి చూడాలి.