పాత జీపుకి ఎగ్జాస్ట్ పైపు, ఫ్లాంజి ఇంట్లోనే చేసుకోవడం

పాత డీజిల్ జీపుకి మేనిఫోల్డు (ఇంజను పొగ బయటికొచ్చే గొట్టాల దిమ్మ) నుంచి సైలెన్సరు దాకా వెళ్లే పైపు తుప్పు తినేసి, కొత్తది దొరకకపోతే ఇంట్లోనే చేసుకోవచ్చు. వంపు చూసి చాలామంది జంకుతారు గానీ అసలు పనంతా ఫ్లాంజిలో, అంటే పైపు చివర అతికి బోల్టులతో బిగించే పలకలో ఉంది. పొగ కారేది ఎక్కువగా అక్కడే.

పాత పైపు బయటి కొలత వెర్నియర్‌తో చూసి అదే సైజులో 16 గేజి (1.6 మి.మీ.) నల్ల ఇనుప పైపు తెచ్చుకోండి. ఎండిపోయిన బోరులోంచి తీసిన జీఐ పైపు మన వైపు పెరట్లో ఊరికే పడి ఉంటుంది, దాని జోలికి పోవద్దు. వెల్డింగ్ వేడికి జింకు పూత తెల్లటి పొగై లేస్తుంది. అది పీలిస్తే రాత్రికి చలిజ్వరం ఖాయం. అతుకు కూడా గుల్లబారుతుంది.

ఫ్లాంజికి 8 మి.మీ. ప్లేటు గుజిరీ అంగట్లో తూకానికి ఇస్తారు. కొత్త ప్యాకింగు (ఫ్లాంజికీ మేనిఫోల్డుకీ నడుమ పెట్టే గ్యాస్కెట్) దాని మీద పెట్టి గీసుకోండి. ముందు రంధ్రాలు, తర్వాతే బయటి అంచు కోత. చిన్న ముక్కను పట్టుకుని డ్రిల్లు వేయడం చేతికి ప్రమాదం. 8 మి.మీ. బోల్టుకి 9 మి.మీ. రంధ్రం. నడిమిది హోల్ సాతో తీసి, పైపు బిగుతుగా దిగేదాకా ఆకురాయి పట్టండి. పైపు అంచు ఫ్లాంజి ముఖానికి 2 మి.మీ. లోపలే ఆగాలి.

చల్లారేటప్పుడు అతుకు ముడుచుకుని బోల్టు చెవులను పైపు వైపుకి లాగుతుంది. అందుకే ఫ్లాంజిని 12 మి.మీ. ప్లేటుకి బోల్టులతో బిగించి వెల్డ్ చేయాలి. 2.5 మి.మీ. 6013 రాడ్డు, 75–80 ఆంపియర్లు. మంట ప్లేటు మీదే నిలపండి, పైపు మీద నిలిపితే క్షణంలో చిల్లు. ఎదురెదురుగా నాలుగు ట్యాకులు (చిన్న చుక్క అతుకులు) వేసి, ఆ తర్వాత పావు వంతు చొప్పున ఎదురెదురుగా నింపండి. బాగా చల్లారాకే విప్పాలి. నీళ్లు పోసి చల్లార్చొద్దు.

విప్పాక ముఖమంతా మార్కరుతో రంగు పూయండి. పాలిష్ పట్టిన బండ ఒకటి తీసుకోండి, అది కడపదైనా బేతంచెర్లదైనా తాడిపత్రిదైనా సరే. దాని మీద 80 నంబరు ఎమరీ పరిచి ఫ్లాంజిని గుండ్రంగా రుద్దండి. రంగు మిగిలిన చోటు పల్లం. రంధ్రాల చుట్టూ, నడిమి అంచు చుట్టూ రంగు పోయేదాకా రుద్దాల్సిందే. ఎంత కొత్త ప్యాకింగైనా ఆ పల్లంలోనే కాలుతుంది. ఆ బండ మీద మాత్రం వెల్డింగ్ వద్దు, వేడికి చిట్లి ముక్కలు ఎగురుతాయి.

ఇక వంపు. 51 మి.మీ. పైపుకి 90 డిగ్రీల వంపు ఆరు ముక్కలతో వస్తుంది. పైపు పొడవునా ఎదురెదురుగా రెండు గీతలు గీసి, కటింగ్ మిషన్‌ను 7.5 డిగ్రీలకు తిప్పి, ఒక్కో కోతకి పైపును సగం చుట్టు తిప్పుతూ కోయండి. ముక్క పొడవు బయట 26–27, లోపల 13, నడుమ 20 మి.మీ. ఉండాలి. పొడవు వైపులన్నీ ఒకే గీత మీదకి తెచ్చి ట్యాక్ చేయండి. ఇక్కడ 60 ఆంపియర్లు చాలు, సెంటీమీటరు చొప్పున కుట్లు. సందు అర మిల్లీమీటరు దాటితే రాడ్డు చిల్లు చేస్తుంది. ప్రతి కుట్టుకీ చిట్టెం (అతుకు మీద గట్టిపడే పెంకు) కొట్టేయాలి, లేదంటే పై కుట్టు కింద దాక్కుని తర్వాత కారుతుంది.

బండి కింద ట్యాకులే వేసి, విప్పి బయట పూర్తి చేయండి. ముందుగా బ్యాటరీ నెగెటివ్ తీయండి. బ్రేకు పైపుకీ వైరింగుకీ కనీసం 25 మి.మీ. ఎడం ఉంచండి. పైపును చాసిస్‌కి రబ్బరు హ్యాంగర్లతోనే వేలాడదీయాలి. ఇంజను ఊగుతుంది, గట్టిగా బిగిస్తే ఫ్లాంజి పక్క అతుకే పగులుతుంది. సైలెన్సరు తీసేసి సూటి పైపు పెట్టే ఆలోచన మానుకోండి. మోటారు వాహనాల చట్టం 190(2) సెక్షన్ కింద శబ్ద, వాయు కాలుష్యానికి 10,000 రూపాయల దాకా జరిమానా ఉంది.

ఇంజను ఆపి, చివరి గొట్టంలోకి బ్లోయరుతో గాలి కొట్టి అతుకుల మీద సబ్బు నీళ్లు పోయండి. బుడగలు వచ్చిన చోట గ్రైండరుతో గీరి మళ్లీ వెల్డ్ చేయాలి. పైన పూత పెడితే ఆగదు. క్యాబిన్ కింది అతుకులు మరీ జాగ్రత్తగా చూడండి, అక్కడ కారే కార్బన్ మోనాక్సైడుకి వాసనే ఉండదు. మేనిఫోల్డు స్టడ్లకి (నట్లు ఎక్కే మర కడ్డీలకి) ఇత్తడి నట్లే వాడండి, ఇనుపవి పట్టేస్తాయి. బండి ఒకసారి బాగా వేడెక్కి చల్లారాక ఫ్లాంజి నట్లు మళ్లీ బిగించాలి, ప్యాకింగు అణిగి అవి వదులవుతాయి.