విదేశాలకు చీరలు అమ్ముతున్నారా? ఒక దేశంలో రేటింగ్ బాగుండి ఇంకో దేశంలో పడిపోతే ఏం చూడాలి

పోచంపల్లి, పుట్టపాక, గట్టుప్పల్, గద్వాల, నారాయణపేట వైపు నుంచి ఆన్‌లైన్‌లో విదేశాలకు చీరలు, దుపట్టాలు అమ్మేవాళ్లు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఒకటుంది. అమ్మకందారుకు పెట్టిన పనితీరు ప్రమాణాలు అన్ని దేశాలకూ సమానమేనా? అంకెలు చాలావరకు ఒకటే, కానీ లెక్క ఏ దేశానికి, లేదా ఏ ప్రాంతానికి ఆ ప్రాంతం విడిగా కడతారు. ఈ సంగతి తెలియక చాలామంది పరేషాన్ అయిపోయి, బాగున్న చోట మార్పులు చేసి, దెబ్బతిన్న చోటును వదిలేస్తున్నారు. అందుకే లక్షణం చూసి కారణం పట్టుకునేలా రాస్తున్నాను.

సమస్య: అమెరికా ఆర్డర్లన్నీ సవ్యంగానే వెళ్తున్నాయి, అయినా "బిలో స్టాండర్డ్" (ప్రమాణం కంటే తక్కువ) అని మెయిల్ వచ్చింది

కారణం: అంతర్జాతీయ అమ్మకాల సైట్ ఈబేలో మీకు ఒక్క రేటింగ్ ఉండదు, నాలుగుంటాయి. అమెరికా కొనుగోలుదార్లతో జరిగినవి ఒక లెక్క, బ్రిటన్, ఐర్లాండ్ కలిపి ఒకటి, జర్మనీ, ఆస్ట్రియా, స్విట్జర్లాండ్ కలిపి ఇంకొకటి, మిగతా ప్రపంచమంతా "గ్లోబల్" కింద. మీరు నల్లగొండలో ఉన్నారా న్యూయార్క్‌లో ఉన్నారా అన్నది కాదు, కొన్నవాళ్లు ఎక్కడివాళ్లన్నదే చూస్తారు. అంటే దుబాయ్, ఆస్ట్రేలియా అమ్మకాల్లో జరిగిన పొరపాటు అమెరికా రేటింగ్‌ను ముట్టుకోదు, అలాగే అమెరికాలో తెచ్చుకున్న మంచి పేరు జర్మనీలో అక్కరకు రాదు.

ఏం చేయాలి: సెల్లర్ డ్యాష్‌బోర్డ్ తెరిచి ముందు ప్రాంతం మార్చి చూడండి, మెయిల్ దేని గురించి వచ్చిందో అక్కడే తేలిపోతుంది. ఈ లెక్క ప్రతి నెల 20వ తేదీన వేస్తారు. గత మూడు నెలల్లో 400 లేదా అంతకంటే ఎక్కువ అమ్మకాలుంటే ఆ మూడు నెలలే చూస్తారు, లేకపోతే మొత్తం 12 నెలలు. మన దగ్గర చిన్న అమ్మకందార్లందరూ ఈ రెండో కోవలోనే ఉంటారు కాబట్టి నిరుడు దసరాకు జరిగిన తప్పు ఈ ఏడు వినాయక చవితి దాకా వెంటాడుతుంది. కంగారుపడి కొత్త ఖాతా మాత్రం తెరవకండి, పాత ఖాతాతో సంబంధం బయటపడితే రెండూ పోతాయి.

హద్దులు ఇవి: లోపాల రేటు (మీరు రద్దు చేసినవి, మీరు తేల్చకుండా కేసు మూసేసినవి కలిపి ఆర్డర్లలో ఎంత శాతమో) 2 శాతం దాటకూడదు, అమ్మకందారు తేల్చకుండా ఈబేనే మూసేసిన కేసులు, అంటే కొనుగోలుదార్ల ఫిర్యాదులు, 0.3 శాతం దాటకూడదు. అన్నిటికంటే పై స్థాయి అయిన "టాప్ రేటెడ్" కావాలంటే లోపాల రేటు 0.5 శాతంలోపే ఉండాలి, పైగా అమెరికా కోసం ఏడాదిలో అక్కడి కొనుగోలుదార్లకు 100 అమ్మకాలు, 1,000 డాలర్ల విలువ, బ్రిటన్ కోసం అక్కడివాళ్లకే 100 అమ్మకాలు, 1,000 పౌండ్లు. రూలు అందరికీ ఒకటే, కానీ అన్ని దేశాలకూ కొంచెం కొంచెం అమ్మే నేతకారుడికి ఏ దేశంలోనూ ఆ వంద నిండవు. ఇది నాకు న్యాయంగా అనిపించదు. అందుకే మొదట్లో ఒకటి రెండు ప్రాంతాలకే షిప్పింగ్ తెరిచి ఉంచమని అందరికీ చెబుతుంటాను.

అమెజాన్‌లోనూ సంగతి ఇంతే. ఆర్డర్ లోపాల రేటు (ఇక్కడ చెడు రేటింగ్, క్లెయిమ్ పడిన ఆర్డర్లు) 1 శాతంలోపు, సొంత షిప్పింగ్ అయితే రద్దులు 2.5 శాతంలోపు, ఆలస్యపు షిప్‌మెంట్లు 4 శాతంలోపు. అమెరికా, బ్రిటన్, యూఏఈ ఖాతాలు ఒకే లాగిన్‌లో కనబడినా ఏ మార్కెట్ లెక్క ఆ మార్కెట్‌దే. ఎగుమతికి చేతి పనుల సైట్ ఎట్సీ వాడేవాళ్లు "స్టార్ సెల్లర్" గుర్తింపు కోసం 24 గంటల్లో జవాబులు 95 శాతం, సమయానికి పంపడం 95 శాతం, సగటు రేటింగ్ 4.8 చూసుకోవాలి.

సమస్య: సమయానికే పోస్ట్ చేశాం, అయినా "లేట్ షిప్‌మెంట్" పడింది

ఎక్కువమందికి వచ్చే తలనొప్పి ఇదే. ఈబేకు మీరు ప్యాక్ చేసిన రోజు తెలియదు, లేబుల్ తీసిన రోజుతో పని లేదు. పార్సిల్ మీద పడిన మొదటి స్కాన్‌నే అది నమ్ముతుంది. నల్లగొండలో ప్రైవేట్ కొరియర్ ఏజెంట్ శుక్రవారం సాయంత్రం ఇంటికొచ్చి పార్సిల్ తీసుకెళ్తాడు, అది హైదరాబాద్ హబ్‌లో సోమవారం స్కాన్ అవుతుంది. మీరు "ఒక రోజులో పంపిస్తాం" అని పెట్టుకుని ఉంటే అక్కడే ఆలస్యం రాసేశారు. పట్టణంలో ఉండేవాళ్లకు గంటలో పడే స్కాన్ మనకు రెండు రోజులకు పడుతుంది, రూలులో మాత్రం ఈ తేడాకు చోటు లేదు.

ఏం చేయాలి: హ్యాండ్లింగ్ టైమ్ (ఆర్డర్ వచ్చాక పార్సిల్ పంపడానికి మీరు పెట్టుకునే గడువు) మూడు రోజులు పెట్టండి. ఒక రోజు అని పెడితే సెర్చ్‌లో పైకి వస్తామన్న ఆశ ఉంటుంది, అది ఒప్పుకుంటాను, కానీ మాట తప్పితే పోయేది అంతకంటే ఎక్కువ. ఏజెంట్ వచ్చినప్పుడే స్కాన్ చేయమని అడగండి, చేయనంటే మీరే కౌంటర్‌కు వెళ్లండి. పోస్టాఫీసులో అయితే బుకింగ్ అయిన వెంటనే రసీదు వస్తుంది, దాని మీద రెండు అక్షరాలు, తొమ్మిది అంకెలు, చివర ఐఎన్ ఉన్న నంబర్‌ను అక్కడ నిలబడే సైట్‌లో ఎక్కించండి, ఒక అంకె తప్పితే ట్రాకింగ్ లేనట్టే. డాక్ ఘర్ నిర్యాత్ కేంద్రం (పోస్టాఫీసు ఎగుమతి కేంద్రం) దగ్గర్లో ఉంటే ఎగుమతి బిల్లు పనీ అక్కడే అయిపోతుంది. బతుకమ్మ, దసరా రోజుల్లో మగ్గం ఆగుతుందని ముందే తెలుసు కాబట్టి ఖాతాలో సెలవు సెట్టింగ్ పెట్టుకోండి. ఇంకో సంగతి: స్కాన్ ఆలస్యమైనా చెప్పిన తేదీలోపు డెలివరీ అయితే ఈబే దాన్ని సమయానికి పంపినట్టే లెక్కిస్తుంది.

సమస్య: చీర అయిపోయిందని ఆర్డర్ రద్దు చేశాం, లోపం పడింది

ఒకే చీరను మూడు సైట్లలో పెడితే ఇది తప్పదు. చేతి మగ్గం మీద రెండో చీర అచ్చం అలాగే రాదు. సంఖ్య ఒకటి అని పెట్టి, ఒక చోట అమ్ముడవగానే మిగతా చోట్ల తీసేయండి. నేయించి ఇస్తామంటే ఆ మాటే లిస్టింగ్‌లో రాసి ఎక్కువ గడువు పెట్టండి. కొనుగోలుదారు అడగకుండానే "కొనుగోలుదారు కోరిక మేరకు" అని కారణం ఎంచుకోవడం చాలామందికి అలవాటు, దొరికితే ఖాతాకే ముప్పు.

సమస్య: "చెప్పినట్టు లేదు" అని రిటర్నులు ఎక్కువయ్యాయి

ఇక్కడ దేశం తేడా బాగా కనబడుతుంది. పుట్టపాక తేలియా రుమాల్ విప్పగానే నూనె వాసన వస్తుంది, నూలును నూనెలో నానబెట్టి చేసే పని కాబట్టి వాసన ఉండాల్సిందే, ఇక్కడివాళ్లు దాన్ని చూసే అసలుదని నమ్ముతారు. తెలియని కొనుగోలుదారుకు అది పాడైన బట్టలా అనిపిస్తుంది. గద్వాల చీరలో నూలు ఒంటికి పట్టు అంచు కలిపిన చోట వెనక పోగులు కనబడతాయి, దాన్ని చిరుగు అనుకుంటారు. ఇక్కత్‌లో చిటికి కట్టి (నూలును ముడులు వేసి) అద్దిన రంగు అంచులు కాస్త చెదిరి ఉంటాయి, అదీ ఫిర్యాదే అవుతుంది.

పరిష్కారం వివరణలోనే ఉంది. వాసన గురించి మొదటి రెండు వాక్యాల్లో రాయండి, వెనకవైపు ఫొటో దగ్గరగా తీసి పెట్టండి. రిటర్న్ అడిగితే సతాయించకండి, ఒప్పుకుని డబ్బు తిరిగిస్తే ఈబేలో అది లోపం కింద పడదు. కానీ రిటర్నుల రేటును మీలాంటి అమ్మకందార్లతో పోల్చి "వెరీ హై" అని తేలిస్తే ఫీజు పెరుగుతుంది.

సమస్య: కస్టమ్స్‌లో ఆగింది, కొన్నవాళ్లు కేసు వేశారు

అమెరికా 2025 ఆగస్టు 29 నుంచి 800 డాలర్లలోపు పార్సిళ్లకు ఉన్న సుంకం మినహాయింపును తీసేసింది. ఆ సమయంలో ఇండియా పోస్ట్ ఆగస్టు 25 నుంచి అమెరికాకు బుకింగ్ ఆపి, అక్టోబర్ 15న మళ్లీ మొదలుపెట్టింది, అప్పుడు సుంకాన్ని బుకింగ్ దగ్గరే కట్టించుకునే పద్ధతి పెట్టింది. రేటు మారుతుంటుంది, బుక్ చేసే ముందు కౌంటర్‌లో అడిగి ధరలో కలుపుకోండి. బ్రిటన్‌కు 135 పౌండ్లలోపు అయితే వ్యాట్ సైటే వసూలు చేస్తుంది, విలువ సరిగ్గా రాస్తే చాలు.

ఈబేలో కేసు పడ్డాక మీకు మూడు పని దినాలుంటాయి. ఆలోపు ట్రాకింగ్ చూపించండి, లేదా రిఫండ్ ఇవ్వండి. పట్టించుకోకుండా వదిలేసిన కేసే ఆ 0.3 శాతంలోకి వెళ్లి కూర్చుంటుంది, అన్నిటికంటే చెడ్డది అదే.

సమస్య: జర్మనీ లిస్టింగులు ఒక్కసారిగా మాయమయ్యాయి

దీనికి పనితీరుతో సంబంధం లేదు, అక్కడి చట్టంతో ఉంది. ప్యాకింగ్ అట్టపెట్టెలకు కూడా జర్మనీ ప్యాకేజింగ్ రిజిస్టర్ అయిన లుసిడ్‌లో నమోదు కావాలి, 2022 జూలై నుంచి అది ఉందో లేదో సైట్లు తప్పనిసరిగా చూడాల్సి వస్తోంది. 2024 డిసెంబర్ 13 నుంచి యూరోపియన్ యూనియన్‌లో వస్తువుకు బాధ్యత వహించే ఒక వ్యక్తి లేదా సంస్థ చిరునామా కూడా కావాలి. అవి లేకుండా రేటింగ్ ఎంత బాగున్నా లిస్టింగ్ నిలవదు. ఏడాదికి నాలుగైదు చీరలు వెళ్లే చోటికి ఇంత ఖర్చు పెట్టే బదులు ఆ దేశాలను షిప్పింగ్ నుంచి తీసేయడమే నయం.

మీ తప్పు లేకుండా కేసు మీకు వ్యతిరేకంగా మూసేస్తే ఈబేలో 30 రోజుల్లోపు అప్పీల్ చేసుకోవచ్చు. బుకింగ్ రసీదు ఫొటో, ట్రాకింగ్ స్క్రీన్‌షాట్, కొనుగోలుదారుతో నడిచిన మెసేజ్‌లు జత చేయండి. ఆ మెసేజ్‌లు వాట్సాప్‌లో కాకుండా సైట్‌లోనే ఉండాలి, బయట మాట్లాడుకున్నది వాళ్లు చూడరు.