గుమ్మడికాయ మీద కత్తి పెట్టే ముందు

గుమ్మడికాయను ముఖంలా చెక్కి లోపల దీపం పెట్టే హాలోవీన్ పండుగ అక్టోబర్ 31న. చెక్కిన కాయ వారం ఆగడమే గొప్ప, కాబట్టి రెండు మూడు రోజుల ముందు మొదలుపెడితే చాలు. రంగులు మాత్రమే వేసే కాయ వారాల తరబడి నిలుస్తుంది, తొందర లేదు.

- తొడిమ పట్టుకుని కాయను ఎత్తొద్దు. అది ఊడితే అక్కడి నుంచే కుళ్లు మొదలవుతుంది.
- వంటింటి పెద్ద కత్తి వద్దు. తొక్క గట్టిగా ఉంటుంది, కత్తి ఇరుక్కుంటుంది, బలంగా లాగితే ఒక్కసారిగా జారి వస్తుంది. నా ఎడమ బొటనవేలి మీద మచ్చ అలా వచ్చిందే. చెక్కడానికే అమ్మే సన్నటి, పళ్లున్న చిన్న రంపం మేలు. దాన్ని తోయకుండా నెమ్మదిగా పైకీ కిందకీ ఆడించండి. కాయను పట్టుకున్న చెయ్యి రంపం వెళ్లే దారిలో ఉండకూడదు.
- లోపలి గుజ్జు చేతికంటితే సబ్బులా జారుతుంది. పక్కన పొడిగుడ్డ ఉంచుకోండి.
- పిల్లలకు బొమ్మ గీయడం, గింజలు తీయడం అప్పగించండి. కోత పెద్దవాళ్లదే.
- తొడిమ చుట్టూ మూతలా తీసే పైభాగాన్ని ఏటవాలుగా కోయండి, నిలువుగా కోస్తే లోపలికి పడిపోతుంది.
- రంగు వేసేదైతే కాయను తుడిచి బాగా ఆరనివ్వండి, తడి మీద అక్రిలిక్ రంగు పెచ్చులూడుతుంది.
- లోపల కొవ్వొత్తి కన్నా బ్యాటరీ దీపం నయం. స్ప్రే రంగు వేసిన కాయలో మంట అసలే వద్దు.