పెద్ద పెట్రోల్ వార్‌బర్డ్ మోడల్‌ని ఎంచుకోవడం ఎలా?

వార్‌బర్డ్ అంటే పాత యుద్ధవిమానం; ఇక్కడ మాట్లాడేది రిమోట్‌తో ఎగరేసే దాని మోడల్ గురించి. డబ్బా మీద ‘గ్యాస్’ అని ఉంటే సిలిండర్ గ్యాస్ అనుకోకండి. అమెరికా వాడుకలో గ్యాస్ అంటే పెట్రోలు. బంకులో కొట్టించిన పెట్రోల్లో టూ-స్ట్రోక్ ఆయిల్ కలిపి నడిపే ఇంజిన్లివి. మిథనాల్ తాగే గ్లో ఇంజిన్లు వేరే జాతి. ఇక ‘పెద్దది’ అంటే ఎంత? జెయింట్ స్కేల్ మోడళ్ళ సంఘం ఐఎంఏఏ లెక్కలో ఒంటిరెక్క విమానానికి కొస నుంచి కొసకి కనీసం 80 అంగుళాలు, రెండంతస్తుల రెక్కలుంటే 60. రెండో ప్రపంచ యుద్ధపు ఫైటర్లలో బాగా నడిచేది 80–90 అంగుళాల, 50–60 సీసీ తరగతి. ఇక్కడ చెప్పేదంతా దాని గురించే.

నేర్చుకునే ట్రైనర్ విమానం దాటి, కింది రెక్క స్పోర్ట్ విమానాన్ని పక్కగాలిలోనూ తొణక్కుండా దింపగలిగిన వాళ్ళు కొనాల్సిన వస్తువు ఇది. మిగతావాళ్ళు ఇంకో ఏడాది ఆగాలి.

కారు, మైదానం

టేపు తీసుకుని కారు డిక్కీ కొలవండి. రెక్క రెండు ముక్కలుగా ఊడినా బాడీ ఆరడుగులకి అటూ ఇటూ ఉంటుంది. వెనక సీట్లు మడిస్తే పట్టాలి. ప్రతిసారీ తోక విప్పి బిగించాల్సి వస్తే మోడల్ నెల తిరక్కుండా అటకెక్కుతుంది.

రన్‌వే 100 మీటర్ల కంటే తక్కువైతే ఈ తరగతి జోలికి పోవద్దు. గడ్డి నేలైతే 5 అంగుళాల చక్రాలు పట్టే మోడలే చూడండి. మన దేశంలో 2021 డ్రోన్ రూల్స్ ప్రకారం 25 కిలోలు మించకుండా, కంటిచూపు మేరలో, వినోదానికో చదువుకో ఎగరేసేవి మోడల్ విమానాల కిందికే వస్తాయి. అమెరికాలో మోడల్ విమానాల సంఘం ఏఎంఏ మామూలు పరిమితి 55 పౌండ్లు. మనం మాట్లాడుకునేవి 9–11 కిలోలే కాబట్టి బరువుతో పేచీ లేదు. చోటు మాత్రం ప్రభుత్వ డ్రోన్ సైటు డిజిటల్ స్కై మ్యాప్‌లో ఏ జోన్‌లో ఉందో చూసుకోవాలి.

ఏ విమానం?

మొదటి పెద్ద వార్‌బర్డ్ పి-47 థండర్‌బోల్ట్ అయి తీరాలి. పి-51 ముస్టాంగ్ అందంగా ఉంటుందంటారు. అందం కొరుక్కు తింటామా? ముందు కాళ్ళు చూడండి. 84 అంగుళాల రెక్కకి కుదిస్తే పి-47 చక్రాల మధ్య 30 అంగుళాలకి పైగా ఎడం వస్తుంది. అదే కొలతకి స్పిట్‌ఫైర్‌ని కుదిస్తే 13 అంగుళాలు. ఆ 13 అంగుళాల మీద పది కిలోల విమానం పక్కగాలిలో దిగితే రెక్క కొస నేల గీరుతుంది, విమానం గిర్రున తిరుగుతుంది. మెసర్‌ష్మిట్ 109దీ అదే రోగం. పి-51 కాళ్ళు వెడల్పే. కానీ రెక్కల కొసలు సన్నం కాబట్టి వేగం తగ్గించి మలుపు తిప్పితే కొస ముందు స్టాల్ అవుతుంది, అంటే ఎత్తే బలం పోయి పడిపోతుంది. పైగా కడుపు కింద రేడియేటర్ గంప ఉంటుంది. చక్రాలు దిగకపోతే మొదట పగిలేది అదే. కోర్సెయిర్, పి-40, హెల్‌క్యాట్ కాళ్ళు వెనక్కి మడుస్తూ 90 డిగ్రీలు తిరుగుతాయి. చూడ్డానికి బాగుంటుంది, కానీ ఆ తిరుగుడు భాగమే ముందు అరుగుతుంది.

మనవాళ్ళకి స్పిట్‌ఫైర్ మీద మనసు పోవడంలో తప్పు లేదు. బ్రిటన్ వైమానిక దళం ఆర్‌ఏఎఫ్ 152వ స్క్వాడ్రన్‌కి నిజాం ఇచ్చిన సొమ్ము వల్లే ‘హైదరాబాద్’ పేరు వచ్చింది, బ్యాడ్జి మీద నిజాం తలపాగా ఉంటుంది. 1940లో బ్రిటన్ ఆకాశంలో, ఆ తర్వాత బర్మాలో వాళ్ళు నడిపింది స్పిట్‌ఫైర్లే. ఆ స్క్వాడ్రన్ గుర్తు యూఎం అక్షరాలతో ఆ రంగులు వేసుకోండి, కాకపోతే రెండో మోడల్‌కి. బర్మా రంగులే కావాలంటే మొదటిదానికీ దారి ఉంది: 1944 నుంచి ఆర్‌ఏఎఫ్ థండర్‌బోల్టులూ ఆ రంగంలో పోరాడాయి. గుర్తుపట్టడానికి ముక్కు మీదా రెక్కల మీదా తెల్లపట్టీలు ఉండేవి. దూరంగా ఎగురుతున్నప్పుడు మోడల్ ఎటు తిరిగిందో తెలియడానికి ఆ పట్టీలు మనకీ పనికొస్తాయి.

బరువు: అందరూ బోర్లాపడేది ఇక్కడే

డబ్బా మీద వేసే బరువు అబద్ధం కాకపోవచ్చు, కానీ అది తేలికపాటి ఇంజిన్‌తో, ఖాళీ ట్యాంకుతో, కాక్‌పిట్‌లో బొమ్మ లేకుండా తూచిన బరువు. దానికి పది శాతం కలిపి లెక్క మొదలుపెట్టండి. పాత మోడల్ కొంటుంటే తూకం యంత్రం మీద పెట్టి ఫొటో పంపమనండి. నోటిమాట తూకం చెల్లదు.

ఇప్పుడు లెక్క. రెక్క వైశాల్యం 1,250 చదరపు అంగుళాలు అనుకుందాం. 144తో భాగిస్తే 8.68 చదరపు అడుగులు. బరువు 20 పౌండ్లు, అంటే 320 ఔన్సులు. ఔన్సులని అడుగులతో భాగిస్తే చదరపు అడుగుకి 37 ఔన్సులు. ఇది హాయిగా దిగే విమానం. అదే మోడల్ 24 పౌండ్లకి చేరితే 44 అవుతుంది. ఈ సైజులో 40 దాటినది మొదటి వార్‌బర్డ్‌గా పనికిరాదు, చర్చ లేదు. నాలుగు పౌండ్లేగా అనిపిస్తుంది, కానీ స్టాల్ వేగం దాదాపు పది శాతం పెరుగుతుంది. గంటకి 45 కిలోమీటర్ల దగ్గర పడిపోయేది 49 దగ్గరే పడిపోతుంది. హైదరాబాద్ ఎత్తు సముద్రమట్టానికి అర కిలోమీటరు పైన. మే నెల 40 డిగ్రీల మధ్యాహ్నం గాలి పలచబడి ఇంకో మూడు నాలుగు కిలోమీటర్లు కలుపుతుంది, ఇంజిన్ బలమూ తగ్గిస్తుంది.

ఆ నాలుగు పౌండ్లు ఎక్కడి నుంచి వస్తాయి? చాలాసార్లు సీసం నుంచి. థండర్‌బోల్ట్, జీరో, ఫోక్‌వుల్ఫ్ 190 లాంటి రేడియల్ ఇంజిన్ (సిలిండర్లు గుండ్రంగా అమర్చినది) విమానాల ముక్కు పొట్టి, తోక బారెడు. గురుత్వ కేంద్రానికి 120 సెంటీమీటర్లు వెనకున్న తోకలో 200 గ్రాములు పెరిగితే, 35 సెంటీమీటర్లు ముందున్న ముక్కులో దాన్ని తూచడానికి దాదాపు 690 గ్రాముల సీసం కావాలి. కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడటం ఇదే: తోకకి ఇంకో కోటింగు రంగు వేసి, లోపల బరువైన తోకచక్రం పెట్టి, చివరికి ముక్కులో మూడు పావులు సీసం కుక్కుతారు.

కాబట్టి కొనేముందే అడగాల్సినవి: ఎలివేటర్ (ముక్కుని పైకీ కిందికీ తిప్పేది), రడ్డర్ (పక్కలకి తిప్పేది) సర్వోలు, అంటే వాటిని కదిపే చిన్న మోటార్లు, ఎక్కడ కూర్చుంటాయి? తోకలో అయితే వదిలేయండి. రెక్క దగ్గరుండి, రడ్డర్‌కి తీగెలతో లాగే ఏర్పాటు ఉంటే మంచిది. ఫైర్‌వాల్ (ఇంజిన్ బిగించే అడ్డుపలక) ముందు బ్యాటరీలకి చోటు ఉందా? సీసానికి బదులు బ్యాటరీలే ముందుకి జరిపితే అదనపు బరువు పడదు. పొట్టి ముక్కు మోడల్‌కి తేలిక ఇంజిన్ వెతకడం కూడా తెలివితక్కువ. ఇంజిన్‌లో మిగిల్చిన 300 గ్రాములు మళ్ళీ సీసంగా చేరాల్సిందే.

గురుత్వ కేంద్రాన్ని చూసేటప్పుడు ట్యాంకు ఖాళీగా ఉండాలి. అది ముందుంటుంది కాబట్టి పెట్రోలు అయ్యేకొద్దీ తోక బరువెక్కుతుంది. చక్రాలు వెనక్కి మడిచే కోర్సెయిర్ లాంటివాటికి చక్రాలు మడిచి చూడాలి. చక్రాలు దించి సరిచేస్తే గాల్లోకి లేచి కాళ్ళు ముడిచిన క్షణంలోనే తోక బరువవుతుంది, ఎలివేటర్ చెప్పిన మాట వినదు.

చక్రం ఎక్కడ ఆనాలి

బాడీని మట్టంగా నిలబెట్టి గురుత్వ కేంద్రం నుంచి తూకం దారం వదలండి. చక్రం నేలకి ఆనే చోటు నుంచి గురుత్వ కేంద్రం దాకా గీసిన గీతకీ, ఆ దారానికీ మధ్య 15–20 డిగ్రీల కోణం ఉండాలి, చక్రం ముందుండాలి. అంతకంటే తక్కువైతే బ్రేకు పడగానే ముక్కు మీద పడుతుంది, మరీ ఎక్కువైతే దిగినప్పుడు గెంతుతుంది.

రిట్రాక్టులు (చక్రాలని మడిచి దించే యంత్రాలు) ఎలక్ట్రిక్‌వే తీసుకోండి. గాలి ఒత్తిడితో నడిచేవాటికి గాలి ట్యాంకులో 100 పీఎస్‌ఐకి పైగా కొట్టాలి, ఒక్క ట్యూబు కీలు కారినా చక్రం సగంలో ఆగుతుంది. ఏదైనా సరే, ఎంత బరువు మోయగలదని రాశారో దానికంటే మీ మోడల్ బరువు రెండు కిలోలైనా తక్కువ ఉండాలి.

ఇంజిన్, మిగతా సరుకు

20 పౌండ్లకి 55 సీసీ చాలు. ఫైర్‌వాల్ నుంచి ప్రొపెల్లర్ వాషర్ దాకా దూరం కొలిచి కౌలింగ్‌కి (ఇంజిన్ మీది తొడుగు) సరిపోతుందో చూడండి. సన్న ముక్కు విమానాలకి సైలెన్సర్ వెనక్కి తిరిగిన ఇంజిన్ కావాలి. పి-47 గుండ్రటి కౌలింగ్‌లో 55 సీసీ అడ్డంగా కూడా పడుతుంది. గాలి లోపలికొచ్చే దారి కంటే బయటికి పోయే దారి కనీసం రెట్టింపు ఉండాలి, సిలిండర్ పక్క నుంచి గాలి తప్పించుకోకుండా అడ్డు కట్టాలి. ఎగరేయడానికి రెండు రెక్కల ప్రొపెల్లర్, 22x10 (అడ్డం 22 అంగుళాలు, పిచ్ 10). నాలుగు రెక్కలది ఫొటోలకి.

ఆయిల్ 30కి 1 పాలు. పెట్రోలు ట్యూబు టైగాన్ రకందే, సిలికాన్ పెట్రోల్లో ఉబ్బి పాడవుతుంది. మన బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసిన ఈ20. అది తేమ పీలుస్తుంది, కార్బురేటర్ డయాఫ్రమ్‌ని గట్టిపరుస్తుంది. ఎగరేయడం అయ్యాక ట్యాంకు వంచేసి, ఇంజిన్ దానంతటది ఆగేదాకా నడపండి.

సర్వోలు 15–20 కిలో-సెంటీమీటర్ల టార్క్, మెటల్ గేర్లు. రిసీవర్‌కి రెండు బ్యాటరీలు, రెండు స్విచ్చులు. ఇగ్నిషన్‌కి విడిగా బ్యాటరీ, ట్రాన్స్‌మిటర్ నుంచి ఆపే కిల్ స్విచ్. ఇగ్నిషన్ డబ్బా రిసీవర్‌కి అడుగు దూరంలో.

ఆర్డర్ పెట్టేటప్పుడే రెండు జతల రిట్రాక్ట్ పిన్నులు, ఒక కౌలింగ్, రెండు ప్రొపెల్లర్లు అదనంగా రాసుకోండి. ఈ మోడళ్ళని కంపెనీలు చెప్పాపెట్టకుండా ఆపేస్తాయి. తర్వాత దొరికే పిన్ను పావు మిల్లీమీటరు సన్నగా ఉంటుంది, ప్రతి ల్యాండింగ్‌కీ చక్రం కొంచెం పక్కకి తిరుగుతుంది.