డిసెంబరాలు గుబురుగా పూయాలంటే కత్తెర ఎప్పుడు పట్టాలి?

వానాకాలం పూలు అయిపోయి తోటంతా డల్‌గా కనిపించే రోజుల్లో పూయడం మొదలుపెడతాయి డిసెంబరాలు. పేరుకే డిసెంబరం, చలి గాలి తగిలితే అంతకుముందే మొగ్గ వేస్తుంది. శాస్త్రీయంగా ఇది బార్లేరియా క్రిస్టాటా. ఇంగ్లీషులో ఫిలిప్పీన్ వయొలెట్ అంటారు గానీ ఇది మన నేల మొక్కే, వయొలెట్ల కుటుంబం కూడా కాదు. ఊదా, తెలుపు, గులాబీ, చారల రకాలున్నాయి. వాసన మాత్రం ఆశించొద్దు.

జూన్, జులైలలో కొమ్మ నాటడం తేలిక. మరీ లేతగా, మరీ ముదురుగా లేని కొమ్మను 12–15 సెంటీమీటర్ల పొడవున, కణుపుకి కాస్త కింద కత్తిరించండి. కింది ఆకులు తీసేసి రెండు కణుపులు మట్టిలోకి వెళ్ళేలా గుచ్చి, నీడలో పెట్టండి. కొన్నాళ్ళకు చిగురు కనిపించగానే వేరు పట్టిందనుకుని లాగి చూడకండి. కొమ్మలో మిగిలిన సత్తువతో వేరు లేకుండానే చిగురు రావచ్చు. రెండు మూడు జతల కొత్త ఆకులు విప్పుకున్నాక వేరే చోటికి మార్చి నాటడం మేలు.

ఎండ కనీసం నాలుగైదు గంటలు తగలాలి. నీళ్ళు నిలవని మట్టి చాలు. నేలలో అయితే మొక్కకీ మొక్కకీ రెండడుగులు, కుండీ అయితే 12 అంగుళాలది.

ఇక అసలు పని గిల్లడం. మొక్క జానెడు ఎదగగానే కొన చిగురును గోటితో గిల్లేయండి. కింది కణుపు దగ్గర రెండు పక్కలా రెండు కొమ్మలు లేస్తాయి. అవి నాలుగేసి ఆకులు వేశాక వాటినీ గిల్లండి. ఆగస్టు చివరికి ఆపేయాలి. ఎందుకంటే మొగ్గలు వచ్చేది ఆ కొత్త కొమ్మల కొసల్లోనూ ఆకుల మొదళ్ళలోనూ. ఒక ఏడాది నేను నీట్‌గా ఉంటుందని అక్టోబరులో గుండ్రంగా కత్తిరించాను. చలికాలమంతా ఆకులు చూస్తూ కూర్చున్నాను.

జూన్‌లో ఒకసారి, ఆగస్టులో ఒకసారి గుప్పెడు కంపోస్టు చాలు. యూరియా ఎక్కువైతే ఆకులే పెరుగుతాయి. పైమట్టి ఆరాకే నీళ్ళు పోయండి. పిండినల్లి పడితే ముందు నీటిని జోరుగా కొట్టి కడగండి. అప్పటికీ పోకపోతే లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కల సబ్బునీరు కలిపి సాయంత్రం పూట చల్లండి.

పువ్వు కోయడానికి తుంచక్కర్లేదు. పట్టుకుని మెల్లగా లాగితే సన్నని గొట్టంతో సహా జారి వచ్చేస్తుంది, గరుకు తొడుగు మొక్కకే ఉండిపోతుంది. ఆ తొడుగుల మధ్య ఇంకా మొగ్గలుంటాయి, వాటిని గిల్లకండి.

పూత ముగిశాక, ఫిబ్రవరిలో, అడుగు ఎత్తుకి కత్తిరించేయండి. ఒకటి రెండు కొమ్మలు వదిలేస్తే కాయలు ఎండి టప్పున పగులుతాయి, గింజలు ఎగిరి పడతాయి. వానలు పడ్డాక పక్క కుండీల్లో కూడా డిసెంబరం మొలకలు కనిపిస్తాయి.